రెండు సెకన్ల లోపం

నాటింగ్‌హామ్
4 సెప్టెంబర్ 2004

చిరంజీవి అమరేందర్‌కు,

మీ బావ హన్మంతు దీవెనలు. ఇక్కడ మేమిద్దరం కులాసా. బ్రాక్‌నెల్‌లో నీ ఆఫీసూ నీ ఆరోగ్యమూ మంచిగా ఉన్నాయనుకుంటాను.

ఉత్తరం చూసి కంగారుపడకు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మా ఫోన్ హాల్లో ఉంది, దాని రెండో రిసీవర్ వంటింట్లో ఉంది, ఆ వంటింట్లో మీ అక్క పుష్పలీల ఉంది. ఈమెయిల్‌కేమో మా ఇద్దరికీ ఒకటే పాస్‌వర్డ్, అదీ ఆమె పెట్టిందే. అందుకని నీ జవాబు నా సిటీ కౌన్సిల్ ఆఫీసుకు రాయి. కవరు మీద 'పార్కింగ్ పర్మిట్ల సెక్షన్' అని ఉంటే ఇంకెవరూ ముట్టుకోరు. ఆ పేరుతో తిట్లే వస్తాయని ఆఫీసంతటికీ ఎరుక.

ఇక విషయానికొస్తాను. నవంబర్ 26కి మా పెళ్లయి ఇరవై అయిదేళ్లు. అప్పుడు నువ్వు మూడో తరగతి, లడ్డూలు జేబులో కుక్కుకోవడం తప్ప నీకేమీ గుర్తుండదు. ఆ ఏడే, మా పెళ్లికి ముందు, హన్మకొండలో మీ పెద్దనాన్న కూతురు వరలక్ష్మి పెళ్లయింది. అందులో మా ఆర్కెస్ట్రా వాయించింది. నేను గిటార్ మీద నా సొంత ట్యూన్ ఒకటి వాయించాను. మీ అక్క ముందు వరుసలో కూర్చుని కన్నార్పకుండా చూసింది. నెల తిరక్కుండా మీ నాన్న మా ఇంటికి కబురు పంపాడు. షరతు ఒక్కటే, ఆర్కెస్ట్రా మానేసి ఉద్యోగం చూసుకోవాలి. మానేశాను.

అప్పటి నుంచి మీ అక్క ఆ ట్యూన్ ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాపం, గిటార్ వాయించేవాణ్ణి చూసి మెచ్చుకుంది, పార్కింగ్ పర్మిట్లు ఇచ్చేవాడు చేతికొచ్చాడు. ఇది నన్ను లోలోపల తొలుస్తూనే ఉంది అమరేందర్. ఆ రోజుకల్లా ఆ ట్యూన్ రికార్డ్ చేసి సీడీ ఆమె చేతిలో పెట్టాలి. ఇంట్లో స్టూడియో పెట్టుకున్నవాడివి, నువ్వు తప్ప నాకు దిక్కు లేదు. అక్షర షెఫీల్డ్ యూనివర్సిటీకి వెళ్లింది కాబట్టి బిడ్డ గది ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మీ బావ
హన్మంతు

తా.క. గిటార్ కొనేశాను. అక్షర మంచం కింద ఉంది. మీ అక్క ఆదివారాలు మంచాల కింద కూడా హూవర్‌తో దుమ్ము లాగుతుంది కనుక, ఆ రోజు అది కారు డిక్కీలో ఉంటుంది.


బ్రాక్‌నెల్
11 సెప్టెంబర్ 2004

బావగారికి బావమరిది అమరేందర్ నమస్కారాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మా బావ గిటార్ వాయించేవాడా! మా ఇంట్లో ఒక్కరూ చెప్పలేదే! మీ పెళ్లికి నేను లడ్డూలు దాచిన మాట మాత్రం అబద్ధం. అవి జాంగిరీలు.

నా దగ్గరున్న సామాను పార్సెల్ చేస్తున్నాను. గిటార్ శబ్దాన్ని పెంచే చిన్న యాంప్, ఒక మైకు, మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె, మూడు పెడల్స్. పెడల్ అంటే అరచేయంత ఇనప డబ్బా. నేల మీద పెట్టుకుని, వాయిస్తూ వాయిస్తూనే కాలితో నొక్కాలి. టక్కుమంటుంది, గిటార్ గొంతు మారిపోతుంది. కోరస్ నొక్కితే ఒక గిటార్ రెండైనట్టు ఉంటుంది. ఓవర్‌డ్రైవ్ నొక్కితే గొంతు గరగరమంటుంది. డిలే నొక్కితే ప్రతి స్వరం వెనకాలే ఇంకోసారి పలుకుతుంది. యాంప్‌కు నాలుగు వేళ్ల దూరంలో మైకు పెట్టండి. గది ఖాళీగా ఉంటే ప్రతిధ్వని వస్తుంది, గోడలకు మందపాటి బట్టలేవైనా వేలాడదీయండి. అక్క ఇంట్లో ఉన్నప్పుడు యాంప్‌కు హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటే బయటికి చప్పుడు రాదు.

కష్టమనిపిస్తే ముక్కలు ముక్కలుగా వాయించి పంపండి, నేను ఇక్కడ అతికిస్తాను.

ఉంటాను బావా,
అమరేందర్

తా.క. యాంప్ మీద పది దాకా అంకెలుంటాయి. మూడు దాటొద్దు. నేను ఒకసారి ఆరు పెడితే కింది ఫ్లాట్ ఆయన కౌన్సిల్‌కు ఫోన్ చేశాడు. మీ ఇంటి విషయంలో ఆ ఫోన్ మీ పక్క సెక్షన్‌కే వస్తుంది.


నాటింగ్‌హామ్
26 సెప్టెంబర్ 2004

చిరంజీవి అమరేందర్‌కు దీవెనలు.

పార్సెల్ అందింది. మా మేనేజర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పర్మిట్ రానివాడెవడో బాంబు పంపాడేమో అన్నాడు. మా ఊరి పచ్చడి అని చెప్పాను. వాసన రావడం లేదే అన్నాడు. బాగా ప్యాక్ చేశారన్నాను.

స్టూడియో తయారైంది. మందపాటి బట్టలన్నావు కదా, మా ఇంట్లో మీ అక్క పట్టుచీరలకంటే మందపాటివి లేవు. పన్నెండు చీరలు గోడల చుట్టూ వేలాడదీశాను. ప్రతిధ్వని మాయమైంది, గదంతా కలరా ఉండల వాసన. రికార్డింగ్ కాగానే మళ్లీ మడతపెట్టి బీరువాలో పెట్టేస్తున్నాను. శనివారాలు మీ అక్కకు హాస్పిటల్లో వార్డ్ క్లర్క్ డ్యూటీ. డ్యూటీల పట్టిక ఫ్రిజ్ మీదే అంటించి ఉంటుంది, కాబట్టి ఆ పూట యాంప్ పెట్టి రికార్డింగ్. మిగతా రోజులు సాయంత్రం తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రాక్టీసు. ఏం చేస్తున్నావంటే కౌన్సిల్ వాళ్ల ట్రైనింగ్ సీడీ అని చెబుతున్నాను.

ముక్కలు ముక్కలుగా వాయించడం నాతో కాదు. మా ఆర్కెస్ట్రాలో అతుకుల పని ఎప్పుడూ లేదు. మొదలుపెడితే చివరిదాకా ఒకటే ఊపు. ట్యూన్ మొత్తంలో నాలుగుసార్లు పెడల్ మార్చాలి. మొదటి రికార్డింగ్ సీడీ ఇందులో పెట్టాను. విని ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇట్లు,
హన్మంతు

తా.క. మొదటి రోజు చెప్పులతోనే నొక్కబోయాను. ఎందుకో మనసొప్పలేదు. ఇప్పుడు కాళ్లు కడుక్కుని గదిలోకి వెళుతున్నాను.


బ్రాక్‌నెల్
3 అక్టోబర్ 2004

బావగారికి నమస్కారాలు.

ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను బావా, ట్యూన్ వింటుంటే ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లు వాయించని చెయ్యంటే ఎవరూ నమ్మరు. కాని మీ సెటప్‌లో పెద్ద లోపమే ఉంది. పెడల్ మారిన ప్రతిచోటా టక్కుమన్నాక శబ్దం పూర్తిగా ఆగిపోతోంది. సరిగ్గా రెండు సెకన్లు. నాలుగు చోట్లా అంతే, గడియారం పెట్టి చూశాను. ఆ రెండు సెకన్లలో ఎక్కడో ఠంగుమని ఒక దెబ్బ. దాని వెంట సన్నగా ఒక మగ గొంతు. చెవి రిక్కించి వింటే 'తప్పయింది తల్లీ' అంటున్నట్టుంది.

నాకు అర్థమైంది చెబుతాను. శబ్దం ఆగడానికి కారణం కేబుల్, లోపల తీగ తెగినట్టుంది. ఆ దెబ్బ కరెంటుది, యాంప్‌నీ పెడల్స్‌నీ వేర్వేరు ప్లగ్గులకు పెట్టండి. ఆ గొంతు రేడియోది. గిటార్ ఒక్కోసారి ఏరియల్ లాగా పనిచేసి చుట్టుపక్కల రేడియోను పట్టేస్తుంది. మీ దగ్గర్లో ఎవరో తెలుగు భక్తి కార్యక్రమం నడుపుతున్నారు. గిటార్‌కు వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుడితే ఆగిపోతుంది. కొత్త కేబుల్ పంపుతున్నాను.

మీ
అమరేందర్

తా.క. ఆ భక్తుడి గొంతులో ఆవేదన మాత్రం నిజమైనది. ఏ ప్రోగ్రామో తెలిస్తే చెప్పండి, మా అత్తగారికి పనికొస్తుంది.


నాటింగ్‌హామ్
17 అక్టోబర్ 2004

చిరంజీవి అమరేందర్‌కు దీవెనలు.

కేబుల్ మార్చాను. ప్లగ్గులు మార్చాను. ఫాయిల్ రోల్ మొత్తం గిటార్‌కు చుట్టాను. ఇప్పుడది క్రిస్మస్‌కు ఓవెన్‌లో పెట్టబోయే టర్కీ కోడిలా ఉంది. రికార్డ్ చేసి విన్నాను. రెండు సెకన్లు ఆగడం ఆగలేదు, ఠంగుమనడం మానలేదు, భక్తుడు అక్కడే ఉన్నాడు.

నిన్న మధ్యాహ్నమంతా వంటింటి రేడియో ముందు కూర్చుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిప్పాను. పంజాబీ దొరికింది, గుజరాతీ దొరికింది, మన భక్తుడు దొరకలేదు. ఎవరో పాపం, ఏ ఇంటి బిడ్డో, ఏం తప్పు చేశాడో ఏమో! గిటార్ తీసినప్పుడల్లా మొరపెట్టుకుంటున్నాడు. నాకే జాలేస్తోంది.

ఇంకొక చిక్కు వచ్చిపడింది. మీ అక్కకు ఒంట్లో బాగా లేదేమోనని అనుమానంగా ఉంది. రెండు వారాలుగా నన్ను ఒక్క మాట కూడా అనడం లేదు. తడి టవల్ మంచం మీద పడేశాను, తనే తీసి ఆరేసింది. చెత్త బిన్ బయట పెట్టడం మర్చిపోయాను, 'పోనీలే, నేను పెడతా' అంది. నాకిష్టమని మక్కగారెలు చేసింది, పండగ లేదు పబ్బం లేదు. ఇరవై అయిదేళ్లలో ఇట్లాంటివి నాకు జరగలేదు. నీకేమైనా చెప్పిందా?

ఇట్లు,
హన్మంతు

తా.క. ఫాయిల్ రోల్ ఏమైందని కూడా అడగలేదు. నా భయమంతా అదే.


బ్రాక్‌నెల్
24 అక్టోబర్ 2004

బావా,

కొంప మునిగింది. అక్క ఫోన్ చేసింది, ఏడ్చినంత పని చేసింది. ఆమె మాటలే రాస్తున్నాను.

"తమ్మీ, మీ బావ ఏదో పెద్ద తప్పే చేసిండురా. రోజూ సాయంత్రం బిడ్డ గదిలకు పోయి తలుపేసుకుంటడు. టక్కుమని లెంపలేసుకున్న సప్పుడైతది, ఆ ఎంబడే 'తప్పయింది తల్లీ' అంటడు. లోపల గట్టిగనే అంటుండు. నా పట్టుచీరలు బీరువాలకెంచి తీస్తుండు, మళ్ల పెడుతుండు, మడతలన్నీ మారినయి. ఏమైందని అడిగితె కౌన్సిల్ ట్రైనింగ్ అంటడు. నేనేం గుచ్చి గుచ్చి అడగ. మంచిగ చూసుకుంటె ఆయనే చెప్తడని సూస్తున్న. నువ్వన్న అడుగురా."

సీడీ సంగతి చెప్పలేక, ఆమె భయం తీర్చలేక నేను నానా అవస్థా పడ్డాను. మీ రేడియో భక్తుడి గొంతు హెడ్‌ఫోన్స్‌లోంచి బయటికి వినిపిస్తున్నట్టుంది. సౌండ్ తగ్గించండి.

అమరేందర్

తా.క. బావా, తప్పుగా అనుకోకండి. ఎందుకైనా మంచిదని అడుగుతున్నాను. మీరు నిజంగా ఏమీ చేయలేదు కదా?


నాటింగ్‌హామ్
10 నవంబర్ 2004

అమరేందర్‌కు,

ఏమయ్యా, నన్నే అడుగుతావా! పొద్దున లేస్తే ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు. ఈ మధ్యలో తప్పు చెయ్యడానికి నాకు టైమెక్కడిది? లెంపలేసుకోవడమేమిటి, నా ముఖం! అది పెడల్ చప్పుడు.

ఇది నీకు చేసిన ఫోన్‌తో ఆగలేదు. అక్షర షెఫీల్డ్ నుంచి ఫోన్ చేసి, "డాడ్, మమ్ సేజ్ యు ఆర్ రిపెంటింగ్. వాట్ డిడ్ యు డూ?" అంది. నేను పశ్చాత్తాపపడుతున్నానట, ఏం చేశానో చెప్పాలట. నేను ఏమీ చేయలేదంటే, "దట్స్ వాట్ ఎవ్రీవన్ సేజ్" అంది. తర్వాత మీ అక్క నాకు చెప్పకుండా మా ఫ్యామిలీ డాక్టర్ క్లినిక్‌కు ఫోన్ చేసి నాకు అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆ డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, దేని గురించైనా గిల్టీగా అనిపిస్తోందా అని మెల్లగా అడిగింది. మీ అక్క పక్కనే ఉంది, ఏం చెప్పను? కొంచెం ఓవర్‌డ్రైవ్ ఎక్కువైందని నోరు జారాను. డాక్టరమ్మ తలూపి, ఆఫీసుకు వారం సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమంది.

అదే కలిసొచ్చింది. మీ అక్క డ్యూటీకి వెళ్లిన పగళ్లన్నీ కూర్చుని వాయించాను. నాలుగో రోజుకు ట్యూన్ కుదిరింది. ఆ హన్మకొండ పెళ్లి పందిట్లో ఎట్లా వచ్చిందో అట్లాగే వచ్చింది అమరేందర్, నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. కాని ఆ నాలుగు లోపాలు ఉన్నాయి. ఇంక నాతో కాదు, టైమూ లేదు. ఈ సీడీలోది నువ్వు కంప్యూటర్‌లో పెట్టి వాటిని కత్తిరించెయ్యి. అతుకులొద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ అక్క కంట పడకూడదని మా కంప్యూటర్‌లోది తీసేశాను, ఉన్నది ఇదొక్కటే.

నీదే భారం,
హన్మంతు

తా.క. డాక్టరమ్మ నాకు ప్రశాంతమైన హాబీ ఏదైనా పెట్టుకొమ్మంది.


బ్రాక్‌నెల్
18 నవంబర్ 2004

పూజ్యులైన బావగారికి సాష్టాంగ నమస్కారాలు.

భక్తుడు దొరికాడు.

ఆ గొంతు తీసేసే ముందు ఒకసారి దాన్నొక్కదాన్నే పెద్దది చేసి విన్నాను. బావా, అది మీ గొంతు! రేడియో లేదు, భక్తి కార్యక్రమం లేదు. కాలితో పెడల్ నొక్కుతున్నారు. వాయిద్యానికి కాలు తగిలింది కదా, వెంటనే వాయించడం ఆపి, వంగి, దాన్ని చేత్తో తాకి కళ్లకద్దుకుంటున్నారు. అదే ఆ రెండు సెకన్లు. వంగినప్పుడు గిటార్ తల అక్షర టేబుల్‌కు కొట్టుకుంటోంది, అదే ఆ ఠంగు. లేస్తూ 'తప్పయింది తల్లీ' అంటున్నారు. మీకే తెలియకుండా చేస్తున్నారు బావా! చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే మనం చేసేదే కదా. రెండు నెలలు కేబుళ్లు మార్చాం, ఫాయిల్ చుట్టాం. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి వచ్చింది.

తర్వాత నా కాళ్ల దగ్గరున్న పెడల్స్ చూసుకున్నాను. పదేళ్ల నుంచి బూట్లతో తొక్కుతున్నాను, ఒక్కసారీ నాకు తోచలేదు. కొంచెం సిగ్గేసింది.

సరే, నాలుగు చోట్లా కత్తిరించి కలిపేశాను. ఎంత చెవిగలవాడైనా అతుకు పట్టుకోలేడు. సీడీ ఇందులో ఉంది. మీరు పంపిన పాత సీడీలు రెండూ విరిచేశాను, కంప్యూటర్‌లోదీ తుడిచేశాను. ఇక ఏ లోపమూ లేదు. మీరు గర్వంగా అక్క చేతిలో పెట్టండి.

మీ
అమరేందర్

తా.క. మా అత్తగారు ఆ భక్తి ప్రోగ్రాం ఏ స్టేషన్‌లో వస్తుందని రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?


నాటింగ్‌హామ్
28 నవంబర్ 2004

తమ్ముడు అమరేందర్‌కు,

అక్క పుష్పలీల రాస్తున్నది. నువ్వూ మీ బావా కలిసి మూడు నెలలు నా వెనకాల నడిపిన భాగోతమంతా తెలిసింది. నీ ఉత్తరాలన్నీ చదివాను. నీ సంగతి ఎదురుపడ్డప్పుడు చెబుతాను.

మొన్న పొద్దున మీ బావ నాకు సీడీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని నా ముఖంలోకే చూస్తున్నాడు. విన్నాను. బాగుందన్నాను. నిజంగా బాగుంది, అబద్ధమెందుకు? కాని ఆయన ముఖం చిన్నబోయింది. "గంతేనా?" అన్నాడు. "ఇంకేమనాలె?" అన్నాను. "వరలక్ష్మి పెళ్లిల నేను వాయించింది ఇదే గదనే, గుర్తు లేదా? ఇది విని గద నువ్వు నన్ను మెచ్చింది!" అన్నాడు. తర్వాత గిటారూ, పెడల్సూ, రేడియో భక్తుడూ అంతా వరుసగా చెప్పాడు. నాకు నవ్వు ఆగలేదు, ఆ తర్వాత ఏడుపూ ఆగలేదు. ఎందుకేడుస్తున్నానో ఆయనకు అర్థం కాలేదు. ఈ సంగతి నేను మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదురా, నీకూ ఇప్పుడే చెబుతున్నాను.

ఆ రోజు పెళ్లి పందిట్లో మీ బావ ఏం వాయించాడో నాకు తెలియదు. పాటల మీద నా ధ్యాసే లేదు. కొత్త గాజులు ఒరుసుకుంటుంటే వాటిని సర్దుకుంటూ కూర్చున్నాను. వాయిస్తూ వాయిస్తూ ఆయన కాలు పక్కనున్న డోలక్‌కు తగిలింది. పాట మధ్యలో ఆపేశాడు. అంత మంది ముందర వంగి, ఆ డోలక్‌ను ముట్టుకుని కళ్లకద్దుకుని, ఏదో గొణుక్కుని మళ్లీ వాయించాడు. పందిరంతా గొల్లుమంది. వరలక్ష్మి పెళ్లిపీటల మీదే నవ్వింది. మీ బావ అదేమీ పట్టించుకోలేదు, అసలు తను ఆగినట్టే ఆయనకు తెలియదు. అప్పుడే తలెత్తి చూశాను, ఇక చూపు తిప్పుకోలేదు. ఎవరిదో డోలక్‌కే ఇంత మర్యాద ఇచ్చేవాడు పెళ్లాన్ని ఎట్లా చూసుకుంటాడు అనుకున్నాను. ఇంటికి రాగానే నాన్నకు చెప్పాను. ఆర్కెస్ట్రా మానాలన్న షరతు నాన్నది, నాది కాదు. ఈ ముక్క మీ బావకు మొన్ననే చెప్పాను. "గిటార్ కోసం కాదా?" అని పదిసార్లు అడిగాడు. ఇరవై అయిదేళ్లు పార్కింగ్ ఆఫీసును తిట్టుకున్నానే అన్నాడు.

నువ్వు లోపమని కోసి పారేసింది నా పెళ్లిరా అమరేందర్. దాన్ని తుడిచేశానని గొప్పగా రాశావు కూడా!

అందుకని నిన్న డ్యూటీకి సెలవు పెట్టి మీ బావను మళ్లీ కూర్చోబెట్టాను. నేనూ గదిలోనే ఉన్నాను. చీరలు నేనే వేలాడదీశాను. మొదటిసారి పెడల్ నొక్కి, నా వైపు చూసి సిగ్గుపడి, ఆగకుండా వాయించేశాడు. ఇట్లా కాదన్నాను. రెండోసారి కావాలని వంగాడు, అదేదో నాటకంలో వేషం వేసినట్టుంది. అదీ కాదన్నాను. నీ ఉత్తరం చదివిన దగ్గర నుంచి ఆయనకు అది రావడమే మానేసింది. ఇక వదిలేసి, నేను వచ్చి పక్కన కూర్చుని చింతకాయ పచ్చడి సంగతీ అక్షర పరీక్షల సంగతీ మాట్లాడుతుంటే, ఆయన ఊరికే వాయించుకుంటూ పోయాడు. అప్పుడు వచ్చింది. నాలుగు చోట్లా ఆగాడు, నాలుగు చోట్లా వంగాడు, నాలుగు చోట్లా టేబుల్‌కు గిటార్ కొట్టాడు. ఆ సీడీ పంపుతున్నాను. దీన్ని శుభ్రం చెయ్యకు, కోయకు, అతికించకు. ఉన్నది ఉన్నట్టు ఇరవై కాపీలు తీసి పంపు. మనవాళ్లందరికీ ఇస్తాను.

ఉంటాను,
మీ అక్క
పుష్పలీల

తా.క. చివరి పెడల్ దగ్గర 'తప్పయింది తల్లీ' రెండుసార్లు వినిపిస్తుంది. మళ్లీ రేడియో అని ఫాయిల్ చుట్టమనకు. రెండోది నా గొంతు. చాయ్ పెడదామని లేస్తే నా కాలూ ఆ డబ్బాకు తగిలింది.